జారిపడ్డవాళ్ళ రిజిస్టరు

మా అమ్మమ్మ ఎవర్నీ నమ్మేది కాదు. పాలవాడు గిన్నెలో పాలు పోస్తుంటే పాలవంక కాకుండా వాడి మొహంవంక చూసేది. తలనూనె సీసా మీద పెన్నుతో గీత గీసి ఉంచేది. దండెం మీద ఎన్ని క్లిప్పులున్నాయో ఆవిడకి నోటికొచ్చు. తాతయ్య బజారుకెళ్ళి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఎక్కడికెళ్ళారని అడిగేది కాదు, ఎవరు కనపడ్డారని అడిగేది. ఆయనా ఆరితేరిపోయి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే కనపడ్డవాళ్ళ జాబితా అప్పజెప్పేసేవాడు. ఒకసారి ఎవరూ కనపడలేదని నిజం చెప్పి మూడు రోజులు మాట పడ్డాడట. ఇంత ఊళ్ళో ఒక్క మనిషీ ఎదురుపడకుండా ఎలా వచ్చారు, ఏ సందులోంచి వచ్చారు అని.

అంత అనుమానం మనిషిని తీసుకెళ్ళి టౌను ఆఫీసులో జనన మరణాల కిటికీ వెనక కూర్చోబెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చుంది. బిడ్డ పుట్టాడని రాయించడానికొచ్చిన తండ్రి తేదీ చెప్పగానే, ఆ రోజు ఏ వారమో చెప్పమనేది. తడబడ్డాడా, అయిపోయాడే. బడిలో చేర్చడానికి పిల్లాడి వయసు ఆర్నెల్లు అటో ఇటో జరుపుతున్నాడని తీర్మానించేసేది. చావు రాయించడానికొచ్చినవాళ్ళని మాత్రం కాస్త మర్యాదగా అనుమానించేది. ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత అనుమానించేది. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. కొంత అమ్మ చెప్పింది, కొంత ఆఫీసు అటెండరు చెప్పాడు, మిగతాది అమ్మమ్మే చెప్పుకుంది. నా చదువు తొమ్మిదో తరగతి దగ్గర, బడికీ నాకూ ఇద్దరికీ ఇష్టమయ్యే ఆగిపోయింది కాబట్టి, వరస ఎక్కడైనా వంకరగా ఉంటే సర్దుకోండి.

మరణాల రిజిస్టరులో ఒక గడి ఉండేది. ఆస్పత్రి నుంచి వచ్చే కాగితం మీద రోగం పేరో దెబ్బ పేరో ఉంటుంది. ఆ దెబ్బ ఎలా తగిలిందన్నది ఇంటివాళ్ళనడిగి గుమాస్తా రాయాలి. 'ఎలా జరిగింది' అని ఆ గడి పేరు. ఊరందర్నీ అనుమానించే మా అమ్మమ్మ ఆ ఒక్క గడి దగ్గర మాత్రం కళ్ళు మూసుకునేది. ఎవరైనా తమ ప్రాణం తామే తీసుకుంటే ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. ఇంటివాళ్ళు చూపు తిప్పుకునే తీరులో తెలిసేది, ఒక మాట చెప్పడానికి ముగ్గురు కలిసి రావడంలో తెలిసేది. అయినా ఏమీ అడిగేది కాదు. 'జారిపడి' అని రాసేసేది.

ఎందుకంటే, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ఇంటి గురించి ఉన్నదున్నట్టు రాసింది. వెనక వరసలో నిలబడ్డవాడెవడో మెడ చాపి చదివాడు. మధ్యాహ్నానికి ఊరంతా చదివేసింది. ఆ ఇంటి తండ్రి కొట్టుకి జనం రావడం మానేశారు. పిల్ల బడిలో బెంచీ మీద ఒక్కతే కూర్చోవలసి వచ్చింది. నెల తిరక్కుండా వాళ్ళు తలుపుకి తాళం పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళిపోయారు. అమ్మమ్మ ఆ తాళాన్ని చూడ్డానికి రెండుసార్లు వెళ్ళిందట. ఆ తర్వాత ఆ మాట ఆ గడిలో మళ్ళీ రాయలేదు.

అలా మా ఊళ్ళో జనం జారిపడడం మొదలైంది. మెట్ల మీద జారారు, గట్ల మీద జారారు, మేడల మీద జారారు. మంచంలో ఉన్నవాళ్ళు కూడా ఒకరిద్దరు జారారు. ఏడాది చివర ఈ లెక్క చూసి ఇంజనీరింగు సెక్షనువాళ్ళు కంగారుపడిపోయి, ఊళ్ళో ఉన్న ప్రతి ప్రభుత్వ మెట్టు మీదా గీతలు కొట్టించి గరుకు చేయించారు. ఇప్పటికీ లైబ్రరీ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగితే చెప్పు అడుగు అరిగి ఊరుకుంటుంది. అదంతా మా అమ్మమ్మ చలవే.

ఇలా ఉండగా రాష్ట్ర ఆరోగ్యశాఖ నుంచి నాలుగు పేజీల సర్క్యులరొకటి, దాంతోపాటు పసుపు కాగితాల కట్ట ఒకటి వచ్చాయి. రాష్ట్రంలో ఆత్మహత్యలు తగ్గించాలని పెద్ద పథకం పెట్టారట. మందుల షాపులవాళ్ళకి ఏదో చెప్తున్నారట, బడి పంతుళ్ళకి ఏదో నేర్పుతున్నారట, ఎప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడ్డానికి ఒక నంబరు పెట్టారట. జనన మరణాల గుమాస్తా చెయ్యాల్సింది ఒకటే. అలాంటి మరణం రిజిస్టరులో పడితే మూడు రోజుల్లోగా ఒక పసుపు కాగితం నింపి పంపాలి.

అమ్మమ్మ ఆ సర్క్యులర్ని దొంగ నోటుని చూసినట్టు వెలుగుకి పెట్టి చూసింది. చచ్చిపోయినవాళ్ళ సంగతి బతికున్న ప్రభుత్వానికి ఎందుకు? ఇందులో పోలీసులున్నారా? పేపరువాళ్ళున్నారా? చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగి, ఇంటికి తెచ్చి మరీ తాతయ్యకి చదివి వినిపించింది. మనిషి మీద అనుమానం కలిగితే ఆ మాటే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని ఉంది అందులో. ఇది రాసినవాడు మనుషుల మధ్య పెరిగి ఉండడు అని అమ్మమ్మ తేల్చేసింది. ఇంటికొచ్చినవాణ్ణి టీ తాగుతావా అన్నట్టు అడగడానికి అదేమన్నా మామూలు మాటా అని.

పసుపు కట్ట బీరువా అడుగున పడింది. అమ్మమ్మ ప్రతి నెలా 'ఎవరూ లేరు' అని రాసి పంపేది.

ఎనిమిది నెలలకి ఒకావిడ వచ్చింది. రాష్ట్ర ఆఫీసు నుంచి, డాక్టరు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, భుజాన గుడ్డ సంచి, కాళ్ళకి నడిచే బూట్లు. అమ్మమ్మ ముందు ఆ బూట్లనే అనుమానించింది. కారులో వచ్చి కారులో పోయే అధికార్లకి నడిచే బూట్లెందుకు? ఇది ఊరంతా తిరిగి కూపీ లాగడానికి వచ్చిన మనిషే. గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, ముందూ వెనకా చూసింది. డాక్టరమ్మ కూడా తక్కువ తినలేదు. వేసిన కుర్చీలో కూర్చోకుండా, బీరువా కనపడేట్టు కుర్చీని పక్కకి లాక్కుని కూర్చుంది. అటెండరు టీ తెస్తే ఇద్దరూ ఎదుటివాళ్ళు తాగేదాకా ఆగారట. చల్లారిపోయింది.

రిజిస్టరు తిరగేసి తిరగేసి డాక్టరమ్మ అడిగింది. "మీ ఊళ్ళో నేల బాగా నున్నగా ఉంటుందా అమ్మా?"

"మామూలుగానే ఉంటుందండీ."

"గడిచిన పన్నెండు నెలల్లో ఇరవై ముగ్గురు జారిపడి పోయారు. పక్క ఊరు మీకు రెట్టింపు. అక్కడ ఇద్దరే."

"పక్క ఊరివాళ్ళు నెమ్మదిగా నడుస్తారు," అంది అమ్మమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. కోప్పడనూ లేదు. పసుపు కాగితం వెళ్ళాక ఏమవుతుందో చెప్పింది. ఒక ఇంట్లో ఒకరు అలా పోతే, ఆ బరువు మిగిలినవాళ్ళ మీద పడుతుందట. వాళ్ళలో ఇంకొకరు అదే దారి పట్టే ప్రమాదం మామూలు ఇళ్ళలో కంటే ఎక్కువట. అందుకని కాగితం అందిన పది రోజుల్లో ఒక నర్సు ఆ ఇంటికి వెళ్తుంది. యూనిఫాం లేకుండా, పేరు రాసిన బండి లేకుండా, చుట్టంలా వెళ్ళి కూర్చుంటుంది. మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. కాగితం తన బీరువాలోనే ఉంటుంది, పోలీసులకి పోదు. ఎక్కడినుంచి కాగితాలు ఎక్కువ వస్తే అక్కడికి ముందు నర్సుని వేస్తారు. మా ఊరినుంచి ఎవరూ లేరని వస్తోంది కాబట్టి మా నర్సు పక్క ఊరికి పోయింది.

అమ్మమ్మ ఒక్క ముక్కా నమ్మలేదు. "మీకు లెక్క కావాలమ్మా. మావాళ్ళకి మొహం కావాలి. రేపు బజార్లో నడవాల్సింది వాళ్ళు."

"మొహం దక్కుతుంది సరే," అంది డాక్టరమ్మ. "మనిషి దక్కుతున్నాడో లేదో ఎవరూ వెళ్ళి చూడ్డం లేదు."

నెలాఖరుకి మళ్ళీ వస్తానని, అప్పటికి రిజిస్టరు గురించి పైకి ఏం రాయాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దామని, ఒక చీటీ మీద తన ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళింది. ఆలోచిద్దామనే మాట అమ్మమ్మకి అసలు నచ్చలేదు. తిట్టి పోయే అధికారిని అర్థం చేసుకోవచ్చు. ఆలోచించే అధికారి చాలా ప్రమాదం.

సరిగ్గా ఆ నెలలోనే తాపీ మేస్త్రీ గొడవ మొదలైంది.

అతని భార్య రెండు నెలల క్రితం పోయింది. సొంత ఇల్లే, అతను కట్టుకున్నదే. మేడ మీంచి పడింది. అప్పుడతను వేరే ఊళ్ళో పనిమీద ఉన్నాడు. రాయించడానికి ఆవిడ అక్క వచ్చింది, ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని. బట్టలు ఆరేస్తూ జారిపడిందని రాయమంది. ముగ్గురూ గోడ గడియారంవంక చూస్తున్నారు. అమ్మమ్మ రాసేసింది.

ఇప్పుడు మేస్త్రీ వచ్చి మరణ ధ్రువపత్రం కాపీ అడిగాడు. ఇచ్చింది. వారం తిరక్కుండా ఇంకోటి అడిగాడు. సరే, బ్యాంకుకో దేనికో అనుకుంది. మూడో కాపీకి వచ్చేసరికి అమ్మమ్మ ముక్కు అదిరింది. ఎందుకని అడిగితే 'ఊరికేనండీ' అన్నాడు. ప్రభుత్వ ఆఫీసుకి ఊరికే ఎవరొస్తారు?

ఆ పూట అన్నం దగ్గర తాతయ్యకి తేల్చి చెప్పేసింది. వాడు రెండో పెళ్ళి చేసుకుంటున్నాడు. పెళ్ళికి ముందు భార్య పోయినట్టు కాగితం కావాలి. మూడు కాపీలంటే మూడు సంబంధాలు చూస్తున్నాడన్నమాట. పాపం అతనికి బాధ ఉండదా అన్నాడు తాతయ్య. బాధపడేవాడికి ఒక్క కాపీ చాలు అంది అమ్మమ్మ.

అంతటితో ఆగితే మా అమ్మమ్మ ఎందుకవుతుంది. జారిపడిందని తనే రాసింది కదా, ఇప్పుడు ఆ జారడం మీదే ఆవిడకి అనుమానం వచ్చింది. నిజంగానే ఎవరన్నా తోశారేమో. అతను పొరుగూళ్ళో ఉన్నాడని చెప్పింది ఎవరు? చెల్లెలి మొగుణ్ణి వెనకేసుకొచ్చే ఆ వదినే కదా. తన చేత్తో రాసిన అబద్ధానికి కాళ్ళొచ్చి ఊళ్ళో తిరుగుతున్నట్టు, ఆవిడ దాని వెంటపడింది.

శుక్రవారం నాలుగో కాపీకి వచ్చాడు. అతను వెళ్ళాక అటెండరు ఒక కబురు మోసుకొచ్చాడు. మేస్త్రీ తన తాపీ, రసమట్టం, గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండు, అన్నీ తోటి పనివాళ్ళకి పంచేశాడట. నాకింక వీటితో పనిలేదన్నాడట. అమ్మమ్మకి దొంగ చేతికి చిక్కినంత సంబరమైంది. తాపీ మేస్త్రీ తాపీ ఇచ్చేశాడంటే ఊరొదిలి పోతున్నట్టే. అంటే పెళ్ళికూతురిది వేరే ఊరు.

శనివారం ఒంటిపూట ఆఫీసు. ఒంటిగంటకి తాళం వేసి, గొడుగు పట్టుకుని మేస్త్రీ ఇంటికి బయల్దేరింది. వీధి చివర టీ బడ్డీ దగ్గర అతను కనిపిస్తే, ఇరవై అడుగులు వెనకపడి నడిచింది. ఎండలేదు, వానలేదు, అయినా గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుందట. ఊళ్ళో గొడుగు వేసుకుని తిరిగే మనిషి ఆ రోజు ఆవిడొక్కతే కాబట్టి అందరూ ఆగి చూశారు. మేస్త్రీ మాత్రం చూడలేదు. తిన్నగా ఇంటికెళ్ళి, బయట మెట్లమీంచి మేడెక్కాడు. అమ్మమ్మ కూడా చప్పుడు చెయ్యకుండా ఎక్కింది. పెళ్ళికూతురు పైన ఉందేమోనని.

పైన ఎవరూ లేరు. అతను పిట్టగోడ దగ్గర గొంతుక్కూర్చుని టేపు పెట్టి కొలుస్తున్నాడు. కొలిచిన చోటే మళ్ళీ కొలుస్తున్నాడు. గోడ మీద ఒక మూల రెండు వరసలు కొత్త ఇటుక పేర్చి ఉంది. ఇంకో మూల పేర్చింది పీకేసి ఉంది. నాలుగో కాపీ జేబులోంచి సగం బయటికొచ్చి ఉంది.

అమ్మమ్మని చూసి అతను లేవలేదు. ఎందుకొచ్చారని కూడా అడగలేదు. ఆవిడ రావాల్సిన మనిషే అయినట్టు చెప్పడం మొదలెట్టాడు. "మూడడుగులే కట్టానమ్మగారూ. మూడున్నర కట్టమంది తను. ఇటుక చాల్లేదు, తర్వాత చూద్దాంలే అన్నాను."

అమ్మమ్మకి అర్థం కాలేదు.

"మీరు రాశారు కదండీ, జారిపడి అని. జారిన మనిషిని ఆపాల్సింది గోడే కదా. ఊళ్ళో నలభై ఇళ్ళకి గోడలు కట్టాను, నా ఇంటికి కట్టలేకపోయాను." జేబులో కాగితం తీసి చూపించాడు. మడత దగ్గర చిరిగిపోతోంది. చదివి చదివి చిరిగిపోతుంటే కొత్తది తెచ్చుకుంటున్నానన్నాడు.

మా అమ్మమ్మ అప్పటిదాకా కట్టిన సంబంధాలూ పెళ్ళిళ్ళూ అన్నీ ఆ మేడ మీదే కూలిపోయాయి. గొడుగు ముడిచింది. పనిముట్లు పంచెయ్యడం ఇప్పుడు ఆవిడకి ఇంకోలా కనపడింది. నేల మీద అతని ఎదురుగా చతికిలబడి, అన్నేళ్ళ ఉద్యోగంలో ఎవర్నీ అడగని మాట అడిగింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా నాయనా?"

అతను టేపుని పెట్టెలోకి మెల్లగా పోనిచ్చాడు. తర్వాత, "అవునండీ," అన్నాడు. ఎవరో ఒకరు అడిగితే బావుండునని చూస్తున్నట్టు అన్నాడట.

అప్పుడావిడ నిజం చెప్పేసింది. ఆ గడిలో రాసింది అబద్ధమని, మీ ఆవిడ జారలేదని, తన ప్రాణం తనే తీసుకుందని మీ వదిన మొహం చూసినప్పుడే తనకి తెలిసిందని, తెలిసే అలా రాశానని. నీ గోడ తప్పేం లేదు, తప్పు నా పెన్నుది అంది.

మేస్త్రీ నమ్మలేదు. మెల్లగా తల ఊపి, మీరు మంచివారండీ, నా మనసు కుదుటపడాలని చెప్తున్నారు, అందరూ అలాగే ఏదో ఒకటి చెప్తున్నారు అన్నాడు. ఊరందర్నీ నమ్మని మా అమ్మమ్మ మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్తే, ఆ ఒక్కసారీ ఎదుటివాడికి అనుమానం వచ్చింది. ఆవిడ దగ్గర ఇంకో రుజువు లేదు. ఉన్న రుజువు తను సంతకం పెట్టిన కాగితమే, అదేమో అతని పక్షాన మాట్లాడుతోంది.

సంచిలో వెతికి ఆ చీటీ తీసింది. డాక్టరమ్మకి ఫోన్ చేసింది. డాక్టరమ్మ ఒక్క ముక్క కూడా దెప్పలేదు. అతన్ని ఒంటరిగా వదలొద్దంది, మేడ మీంచి కిందికి తీసుకెళ్ళమంది, నాలుగు గంటల్లో అక్కడుంటానంది. ఫోన్ అతనికిమ్మంది. అతను పద్నాలుగుసార్లు 'ఊఁ' అన్నాడు. అమ్మమ్మ లెక్కపెట్టింది. కిందికి దిగాక మేడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుని, సంచిని ఒళ్ళో పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. అతను మంచినీళ్ళకి లేస్తే తనూ లేచింది. మొహం కడుక్కోడానికి వెళ్తే తలుపు బయట నిలబడి, ఉన్నావా అని అడిగింది, ఉన్నానండీ అనిపించుకుంది. అందరి ప్రాణం తీసే ఆ అనుమానపు అలవాటు ఆ మధ్యాహ్నం ఒకడికి కాపలా కాసింది.

తాతయ్యకి ఫోన్ చేసి, పక్క వీధిలో ఉండే ఆ వదినని వెంటబెట్టుకు రమ్మంది. వదిన గుమ్మంలో అమ్మమ్మని చూడగానే మొహం గంటు పెట్టుకుంది. రాయాల్సింది రాసేశారుగా, ఇంకా ఏం కావాలి మీకు అని నిలదీసింది. ఆఫీసు నుంచి ఎవరన్నా వినడానికొచ్చారేమోనని వంటింట్లోకి తొంగి చూసింది. అమ్మమ్మ ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళి, మీ చెల్లెలి విషయం దాస్తే ఇవాళ మీ మరిది కూడా దక్కడు అని నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆవిడ చాలాసేపు నమ్మలేదు. తర్వాత మేస్త్రీ చేతిలో ఆ చిరిగిన కాగితం చూసి, ఇంటికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆస్పత్రి చీటీలు. రెండేళ్ళుగా చెల్లెలు మనసు బాగాలేక మందులు వాడుతోంది. మొగుడికి తెలిస్తే పొరుగూరి పనులు మానేసి ఇంట్లో కూర్చుంటాడని చెప్పనివ్వలేదు. పోయేముందు రోజు కూడా ఇంక నా వల్ల కాదక్కా అందట. ఉదయం వస్తానులే అని చెప్పి ఈవిడ వెళ్ళిపోయింది.

"జారిపడిందని నేనే రాయించాను మరిదీ," అంది. "మొగుడే కారణమని నిన్నంటారని."

"వాళ్ళు అనకముందే నేను అనుకున్నాగా వదినా," అన్నాడు మేస్త్రీ.

చీటీలు ఒక్కోటీ తీసి తేదీలు చూశాడు. తర్వాత కోపమొచ్చింది. వదిన మీద, అమ్మమ్మ మీద, పోయినావిడ మీద, అందరి మీదా వచ్చింది. గోడవైపు తిరిగి కూర్చుండిపోయాడు. అమ్మమ్మకి అది మరీ భయమేసింది. చెప్పకుండా ఉంటే బావుండేదేమో అని కూడా అనుకుంది. పొద్దు వాలకముందే డాక్టరమ్మ ఆ బూట్లేసుకుని దిగింది. తలుపు దగ్గరేసి అతనితో గంటసేపు మాట్లాడింది. అమ్మమ్మ తలుపుకి చెవి ఆనించి గంటసేపూ నిలబడింది కానీ ఒక్క ముక్కా వినపడలేదు. అది ఆవిడకి చాలాకాలం బాధ. బయటికొచ్చాక డాక్టరమ్మ చెప్పింది, కోపం రావడం మంచిదే, కాకపోతే రెండు మూడు వారాలు కనిపెట్టుకుని ఉండాలి, సోమవారం ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను అని. ఆదివారం తాతయ్య వెళ్ళి అతనింట్లో కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో అమ్మమ్మ అడిగింది. క్యారంబోర్డు ఆడామన్నాడు తాతయ్య. ఆవిడ నమ్మలేదు.

సోమవారం ఆస్పత్రినుంచి మేస్త్రీ, వదిన, డాక్టరమ్మ ముగ్గురూ ఆఫీసుకొచ్చారు. రిజిస్టరులో ఒకసారి పడ్డ అక్షరం మార్చాలంటే రాయించినవాళ్ళు మళ్ళీ చెప్పాలి, దగ్గరి బంధువు సంతకం పెట్టాలి, తప్పెలా జరిగిందో గుమాస్తా అంచున రాయాలి. అమ్మమ్మ అంచున 'తెలిసి తప్పు రాయబడినది' అని రాసింది. అటెండరు కంగారుపడి, తెలియక అని రాయండి పెద్దమ్మగారూ, ఒక్క మాటే కదా తేడా అన్నాడు. ఆవిడ వినలేదు. దానికి ఆవిడకి మెమో వచ్చింది, పైవాళ్ళ ముందు నిలబడాల్సి వచ్చింది, పదవీ విరమణ రోజున ఆఫీసులో ఎవరూ దండ వెయ్యలేదు. మిగతా ఇరవై ఇద్దరి ఇళ్ళకీ డాక్టరమ్మ పంపిన నర్సు వెళ్ళింది. ఏ తలుపు ఎలా తట్టాలో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే కాబట్టి అమ్మమ్మా వెంట వెళ్ళింది. కొందరు లోపలికి రానిచ్చారు, కొందరు రానివ్వలేదు.

కానీ ఆ సోమవారం అవేవీ ఇంకా జరగలేదు. కిటికీ ముందు మేస్త్రీ ఒక్కడే నిలబడ్డాడు. వెనక వరసలో ఎవడో మెడ చాపుతుంటే అమ్మమ్మ కిటికీ రెక్క సగం మూసేసింది.

"రాయనా?" అంది.

అతను ఆలోచించాడు. వదినవంక చూశాడు. "రాయండి," అన్నాడు.

పాత మాట మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, పక్కన ఉన్నదున్నట్టు రాసింది. బీరువా అడుగునుంచి కట్ట తీసి మొదటి పసుపు కాగితం నింపింది. రిజిస్టరు అతనివైపు తిప్పితే, అతను పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. కాపీ కావాలా అని అడిగితే వద్దండీ అన్నాడు.

"రేపొచ్చి ఇంకోసారి చూసుకోవచ్చాండీ?"

"ఎన్నింటికి?"

"పదింటికి."

మర్నాడు అమ్మమ్మ తొమ్మిదిన్నరకే కిటికీ తెరిచింది. పదయింది, రాలేదు. పావుతక్కువ పదకొండుకి అటెండర్ని వీధి చివరిదాకా పంపింది. వాడు వెళ్ళిన కాసేపటికే తనూ లేచి, రిజిస్టరు బల్ల మీద అలాగే వదిలేసి, జనం అడుగుతున్నా పలక్కుండా బయటి మెట్లు దిగుతోంది. మేస్త్రీ ఎదురొచ్చాడు. జుట్టు చెదిరి ఉంది, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఇంతసేపూ ఏం చేస్తున్నావని అక్కడే మెట్ల మీద నిలదీసింది.

"నిద్ర పట్టేసిందండీ," అన్నాడు. "చాలా రోజులకి."

మా అమ్మమ్మ నమ్మలేదు. ఒక మెట్టు కిందికి దిగి, అతని మొహాన్ని వెలుగువైపు తిప్పి, రెండు కళ్ళూ పరీక్షగా చూసింది. దిండు మడత చెంప మీద ఇంకా అచ్చు పడే ఉంది. అప్పుడు, పద, రిజిస్టరు చూద్దువుగాని, అంది.